ఎర్ర ప్లస్సు టోపీతో ఇంటర్వ్యూకి

ఆ రోజుల్లో కృష్ణానగర్ సందుల్లో ఎవర్ని పలకరించి "ఏం చేస్తుంటారండీ?" అన్నా, "ట్రయల్స్‌లో ఉన్నానండీ" అనే జవాబే వచ్చేది. (ఆ రోజులంటే మరీ పూర్వకాలం అనుకునేరు. మెట్రో స్తంభాలు లేచి నిలబడ్డాయి, వాటి మీదికి రైలే ఇంకా ఎక్కలేదు.) పాల పాకెట్లు వేసే అతను హీరో ట్రయల్స్‌లో ఉండేవాడు, కర్రీ పాయింట్ ఆయన చేతిలో కథ పట్టుకుని తిరిగేవాడు, మా పక్క పోర్షన్‌లో ముగ్గురు కుర్రాళ్ళు ఉన్న ఒక్క మంచి చొక్కానీ వంతులవారీగా వేసుకుని ఆడిషన్లకి వెళ్ళొచ్చేవాళ్ళు. అంతమంది కళాకారుల మధ్య, గోదావరి జిల్లా నుంచి జీఎన్ఎం సర్టిఫికెట్ పట్టుకుని దిగిన నేనొక్కదాన్నే నర్సు ఉద్యోగం ట్రయల్స్‌లో ఉన్నాను. "నర్సు కేరక్టరా? ఏ బేనర్?" అని అడిగేవాళ్ళు. కేరక్టర్ కాదండీ, నిజం ఉద్యోగమే అంటే పాపం జాలిగా చూసేవాళ్ళు.

నేను దిగింది మా పిన్ని వాళ్ళింట్లో. మా బాబాయ్ జూనియర్ ఆర్టిస్టు. అందులోనూ ఆయన స్పెషలిస్టు, శవం వేషాల్లో. తెల్లగుడ్డ కప్పి పడుకోబెడితే ముక్కు మీద ఈగ వాలినా కదలడని ఇండస్ట్రీలో మంచి పేరు. అప్పుడప్పుడూ ప్రమోషన్ మీద పేషెంటు వేషం కూడా వచ్చేది, అదీ విరామం లోపు శవంగా మారిపోయే పేషెంటే. అలా ఎన్నో ఏళ్ళుగా ఆసుపత్రి సెట్లలో మంచాల మీద పడుకున్న అనుభవంతో, వైద్యరంగం మొత్తం తన అరచేతిలో ఉందని ఆయన గట్టి నమ్మకం. నేను బ్యాగు దించగానే "నర్సా! మన ఫీల్డేనే అమ్మాయ్" అన్నాడు సంతోషంగా.

ఫీల్డు సంగతి అటుంచితే, నాకో జబ్బుండేది. వార్డులో మంచం పక్కన నిలబెడితే రక్తం చూసినా, వాంతులు చూసినా, పేషెంటు బంధువులు మీదికొచ్చినా బెదిరేదాన్ని కాదు. అదే ఏసీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి అవతల నలుగురు కూర్చుంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. మొదటి ఇంటర్వ్యూలో నేను చదివిన కాలేజీ పేరు నాకే గుర్తు రాలేదు. రెండోదాంట్లో "వాటర్ తీసుకుంటారా?" అని మర్యాదగా అడిగితే, బట్టీ పట్టిన మొదటి జవాబు అందుకుని మా నాన్న పేరు, మా ఊరి పేరు గడగడా అప్పజెప్పేశాను. ఆ కబురు ఊరికి చేరింది. మా నాన్న ఫోన్ చేసి "ఈ నెలాఖరు దాకా చూడవే. రాకపోతే వచ్చెయ్. మీ పెదనాన్న మందుల షాపులో కూర్చుందువుగాని, నీడపట్టున ఉంటావు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు గానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది. నాకు మందులమ్మడం కాదు, మనుషుల్ని లేపి కూర్చోబెట్టడం ఇష్టం. నిన్న లేవలేని ముసలమ్మ ఇవాళ నా భుజం పట్టుకుని బాత్రూం దాకా నడిస్తే, ఆ రోజంతా నాకు ఆకలేసేది కాదు. అలాంటి దాన్ని తీసుకెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతారా?

సరిగ్గా అప్పుడే జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. సినిమావాళ్ళు, మంత్రులు, వాళ్ళ కుక్కలు తప్ప వాళ్ళ బంధువులందరూ వైద్యం చేయించుకునే ఆసుపత్రి. ఇదే ఆఖరి ఛాన్సని ఇంట్లో అందరికీ అర్థమైంది. బాబాయ్ వచ్చిన ఒక శవాన్ని కూడా వదులుకుని (ఆయన జీవితంలో అంతకు మించిన త్యాగం లేదు) నాకు రిహార్సల్స్ మొదలెట్టాడు.

రిహార్సల్ మేడమీద. బోర్డు చైర్మన్‌గా మా ఇంటి ఓనరమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే, యూసుఫ్‌గూడలో. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ చైర్మన్‌గిరీ చేసేది. "లోపలికి రాగానే కెమెరా వైపు చూడకు" అన్నాడు బాబాయ్.

"ఇంటర్వ్యూలో కెమెరా ఎందుకుంటుంది బాబాయ్?"

"ఉండదు. ఉందనుకోవాలి. ఇప్పుడు చూడు, నర్సు ఎందుకయ్యావని అడుగుతారు. అడక్కపోతే నువ్వే లాగు అక్కడికి. డైలాగ్ రాశాను. 'మా అమ్మ మంచాన పడి, అయినవాళ్ళందరూ వదిలేస్తే, ఒక నర్సమ్మ చల్లటి చెయ్యి వేసింది సార్. ఆ చేతుల్లోనే మా అమ్మ కన్నుమూసింది. ఆ రోజే ఒట్టేసుకున్నాను...' ఇక్కడ గ్యాప్. కళ్ళలో నీళ్ళు. కిందికి జారకూడదు, నిలబడాలి."

పిన్ని బట్టలు ఆరేస్తున్నదల్లా గిరుక్కున తిరిగింది. "ఏవండోయ్! మా అక్కని చంపేస్తారేంటండీ? పొద్దున్నే ఫోన్‌లో ఆవకాయ గురించి మాట్లాడింది నాతో!"

"అబ్బ, సెంటిమెంట్ పండాలంటే ఎవరో ఒకరు పోవాలే! సరే, నీ మాట ఎందుకు కాదనాలి, కోమాలో పెడదాం."

"కోమా గీమా వద్దు, శుభమా అని పిల్ల ఇంటర్వ్యూకి వెళ్తుంటే!"

ఓనరమ్మ చిక్కుడుకాయ విరుస్తూ నా వైపు చూసింది. "ఏంది బిడ్డా గిదంత? నీకు సూది మంచిగ గుచ్చనీకి వస్తదా?"

"వస్తుందండీ."

"నొప్పి లేకుంట?"

"ఆఁ, వస్తుంది."

"మరి గదే చెప్పు. ఇగ నీకు నౌకరి ఇచ్చిన, పో" అని చిక్కుడుకాయల గిన్నె ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది. చైర్మన్ అలా సింగిల్ టేక్‌లో ఓకే చేసేసినందుకు బాబాయ్ నొచ్చుకున్నాడు. ఆవిడకి డ్రామా తెలీదని తేల్చేశాడు. ఆ తర్వాత కోమా డైలాగ్ నాకు నిద్రలో కూడా వచ్చేదాకా చెప్పించాడు.

ఇక అసలు కొంప మునిగింది ఇంటర్వ్యూకి ముందురోజు. 'అభ్యర్థులు యూనిఫాంలో రావలెను' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా కాలేజీ యూనిఫాం ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉంది. నేను బెంబేలెత్తిపోతుంటే బాబాయ్ లుంగీ దులుపుకుని లేచి "యూనిఫాం నాకొదిలెయ్. కాస్ట్యూమర్ మనవాడే" అంటూ వెళ్ళి, సాయంత్రానికల్లా ఒక మూట తెచ్చాడు. విప్పి చూస్తే గుండె జారిపోయింది. మల్లెపువ్వులాంటి తెల్ల గౌను, తెల్ల బెల్టు, తెల్ల మేజోళ్ళు, ఆపైన పడవ ఆకారంలో ఒక టోపీ, టోపీ మధ్యలో అరచేతంత ఎర్ర ప్లస్సు గుర్తు. నేను చదువుకున్న రోజుల్లోనే ఇలాంటివి ఎవరూ వేసుకోవడం లేదు. ఆ మాటే అంటే బాబాయ్ నవ్వాడు. "పిచ్చిపిల్లా, నిజం నర్సులు నర్సుల్లా ఉండరే. జనానికి నర్సంటే ఇదే. నేను చచ్చినప్పుడల్లా పక్కన ఈ టోపీనే ఉంది."

పిన్ని అప్పటికే గౌను ఇస్త్రీ చేసి, నడుము దగ్గర కుట్టు బిగించేసింది. పొద్దున్నే ఇంట్లో ఉన్న హెయిర్‌పిన్నులన్నీ నా నెత్తిన గుచ్చి టోపీ నిలబెట్టింది. వేరే దారీ లేదు, నాకు తెగువా లేదు. ఆటో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కుతుంటే గాలికి టోపీ ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర పక్క కారులోంచి ఒక పాప చెయ్యూపింది. నేనూ ఊపుదామనుకున్నాను గానీ చెయ్యి తీస్తే టోపీ పోతుంది.

ఆసుపత్రి చూస్తే అది ఆసుపత్రని ఎవరూ చెప్పలేరు. నీళ్ళ ఫౌంటెను, పూలకుండీలు, కారు తీసుకెళ్ళి పెట్టడానికి కోటు వేసుకున్న మనుషులు, లోపల కాఫీ షాపు, పైనుంచి సన్నగా వీణ సంగీతం. అన్నీ ఉన్నాయి, రోగులే ఎక్కడా కనబడలేదు. (రోగుల్ని వెనకవైపు గేటు నుంచి తీసుకెళ్తారని చేరాక తెలిసింది. ముందువైపు ఉంటే లుక్కు పాడవుతుందట.) సెక్యూరిటీ అతను నన్ను నఖశిఖపర్యంతం చూసి, నేను నోరు తెరవకముందే "ఫస్ట్ ఫ్లోర్ మేడం" అన్నాడు.

"ఇంటర్వ్యూ మూడో ఫ్లోర్ అన్నారండీ..."

"ఎవలన్నరు? ఫస్ట్ ఫ్లోరే. జల్ది పోండి, సారు వచ్చి గంటైతుంది. లేటైతే గరమైతడు."

లేటయ్యానన్న మాట వినగానే నాకు చెమటలు పట్టేశాయి. పరిగెత్తాను. మొదటి అంతస్తులో ఒక గది ముందు గుంపు. నన్ను చూడగానే హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒకమ్మాయి "ఆర్టిస్ట్ వచ్చేసింది!" అని కేక పెట్టి, జబ్బ పట్టుకుని లోపలికి లాగింది. ఇంకెవరో మొహం మీద పౌడరు కొట్టారు. "నేను ఇంటర్వ్యూకి..." అంటుంటే "అదంతా తర్వాత మేడం, ముందు షాట్" అన్నారు. లోపల లైట్లు, ట్రాలీ, కెమెరా. నిజం కెమెరా! కెమెరా ఉందనుకోమన్న బాబాయ్ మాట గుర్తొచ్చి ఒళ్ళు గగుర్పొడిచింది. అహా, పెద్ద ఆసుపత్రి కదా, పని చేసి చూపించమని వీడియో తీసుకుంటారు కాబోలు అనుకున్నాను. (నవ్వకండి. కృష్ణానగర్‌లో రెండు నెలలు కాపురం ఉంటే మీరూ అలాగే అనుకుంటారు.)

మధ్యలో మంచం. మంచం మీద గళ్ళ గౌనులో పడుకుని ఉన్నది ఎవరనుకున్నారు? హీరో! పేరు చెప్పను గానీ, కటౌట్లకి పాలాభిషేకాలు చేయించుకునే హీరో. ఊళ్ళో నా గదిలో తలుపు వెనక ఆయన పోస్టరే ఉండేది. ఆసుపత్రి వాళ్ళు ఆయనతో తమ ప్రకటన తీయించుకుంటున్నారని నాకెలా తెలుస్తుంది? డైరెక్టర్ గబగబా చెప్పేశాడు: "సార్ చేతికి సెలైన్ పెట్టి, కెమెరా వైపు తిరిగి నవ్వి, 'ఇక్కడ మీరు పేషెంట్ కాదు, మా కుటుంబం' అనాలి. అంతే. యాక్షన్!"

బాబాయ్ నేర్పినవన్నీ ఆ ఒక్క కేకకి ఎగిరిపోయాయి. కోమా లేదు, గ్యాప్ లేదు, కళ్ళలో నీళ్ళు లేవు. బుర్రంతా ఖాళీ. కానీ ఎదురుగా ఉన్నది కుర్చీ కాదు, మంచం. మంచం మీద మనిషి, పక్కన ట్రే. మా కాలేజీలో ట్యూటర్ సిస్టర్ స్కేలుతో వేళ్ళ మీద కొట్టి నేర్పిన పని నా చేతులకి గుర్తుంది. చేతులు శుభ్రం చేసుకున్నాను. మందు సీసా మీద తేదీ చూశాను. పేషెంటు మణికట్టుకి పేరు రాసిన పట్టీ ఉందేమో చూశాను. లేదు, బంగారు బ్రేస్‌లెట్ ఉంది. పట్టీ లేకపోతే ఏం చెయ్యాలి? పేషెంటునే అడగాలి, ఆయన నోటితోనే చెప్పించాలి. అడిగాను.

"మీ పూర్తి పేరు చెప్పండి సార్."

ట్రాలీ తోసే అతను కూడా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "కట్ కట్ కట్! ఏంటమ్మా నువ్వు? సార్ పేరేంటని సార్‌నే అడుగుతావా?" అని డైరెక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. హీరోగారు చెయ్యెత్తి ఆపారు. మోచేతి మీద లేచి నన్నే చూస్తూ "ఏమన్నావమ్మా?" అన్నారు.

"పేరు సార్. పూర్తి పేరు, పుట్టిన తేదీ."

పుట్టిన తేదీ అనగానే మూలన కూర్చున్న ఆయన మేనేజర్ స్ప్రింగులా లేచాడు. "డేటాఫ్ బర్త్ వద్దు! అది మేం ఎవరికీ ఇవ్వం!" అన్నాడు. యూనిట్ యూనిట్ అంతా మాత్రం చెవులు నిక్కబొడుచుకుని ముందుకి జరిగింది. ఆ రహస్యం కోసం ఇండస్ట్రీ ఎన్నాళ్ళుగా కొట్టుకుంటోందో మరి. హీరోగారు గొంతు సవరించుకుని "తేదీ, నెలా చెప్తానమ్మా, సంవత్సరం వదిలెయ్" అన్నారు.

"సంవత్సరం కూడా కావాలి సార్" అన్నాను. పొగరు కాదండీ బాబూ, భయం. ఒక్క మెట్టు వదిలేసినా ఇంటర్వ్యూ పోతుందని భయం.

ఆయన కాసేపు నా వైపు, నా నెత్తిమీది ఎర్ర ప్లస్సు వైపు మార్చి మార్చి చూశారు. తర్వాత దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో నెమ్మదిగా పేరు చెప్పారు. పోస్టర్ మీది పేరు కాదు. వాళ్ళ తాతగారిదో ముత్తాతగారిదో, పొలం గట్టు మీద నిలబడి గట్టిగా పిలవడానికి పెట్టినట్టుండే పేరు. తర్వాత తేదీ, నెల, సంవత్సరం. ఆ పేరూ ఆ సంవత్సరమూ నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను. ఆయన అప్పటికి ఉత్తుత్తి పేషెంటే కావచ్చు, అడిగాక మాత్రం నాకు పేషెంటే.

"దేనికైనా ఎలర్జీ ఉందా సార్?"

"ఉందమ్మా, రివ్యూలకి" అన్నారు. నేను నవ్వకుండా మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది అందుకున్నాను. అప్పుడు ఆయన మొహం పాలిపోయింది. తెరమీద బుల్లెట్లు చేత్తో పీకేసుకునే మనిషి చెయ్యి లాక్కుని "ఇది... నిజంగా గుచ్చుతుందా?" అన్నారు.

"ఊరికే యాక్షనమ్మా! యాక్షన్!" అని డైరెక్టర్.

"ఊరికే ఎలా గుచ్చుతారండీ?" అని నేను.

"ఆగమ్మాయ్" అని వెనకనుంచి ఒక గొంతు. షూటింగ్‌లో మందూ మాకూ తప్పుగా చూపించకుండా కనిపెట్టడానికి నిలబడ్డ ఆసుపత్రి మేట్రన్. నెరిసిన జుట్టు, బిగించిన ముడి. "ఎవరు నువ్వు?" అంది. ఇంటర్వ్యూకి వచ్చానన్నాను. ఆవిడ నా టోపీ వంక చూసి, గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, "సూది కింద పెట్టి నాతో రా" అంది.

మూడో అంతస్తులో ఇంకా పెద్ద సంబరం జరుగుతోంది. ప్రకటనలో నర్సు వేషానికి రావలసిన అసలు ఆర్టిస్టు, ఆసుపత్రి వాళ్ళిచ్చిన నీలం యూనిఫాం తొడుక్కుని వస్తే, అదే సెక్యూరిటీ అతను ఆమెని ఇంటర్వ్యూకి పంపించాడట. ఆడిషన్ అనుకుని ఆ అమ్మాయి కూర్చుంది. 'మీ గురించి చెప్పండి' అన్నారు, అక్కడా ఇక్కడా అడిగేది అదే కదా. చెప్పింది. అడక్కుండానే కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి మొహం తిప్పి చూపించింది. కోపం వచ్చిన పేషెంటుతో ఎలా మాట్లాడతారంటే కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని చూపించింది (జారలేదు, నిలబడ్డాయి). హెచ్ఆర్ మేడం మురిసిపోతూ మా మేట్రన్‌కి ఎదురొచ్చింది. "మేడం, ఫస్ట్ టైమ్ ఇంత కాన్ఫిడెంట్ కేండిడేట్‌ని చూశాను! బాడీ లాంగ్వేజ్, స్మైల్, ఎంపతీ, సూపర్! ఆల్మోస్ట్ ఫైనల్ చేసేశాం."

మేట్రన్ ఆ అమ్మాయి వైపు తిరిగి "బీపీ చూడ్డం వచ్చా?" అంది.

"వచ్చు మేడం. ఇలా పట్టుకుని, డాక్టర్ వైపు చూసి తల అడ్డంగా ఊపాలి" అంది ఆ అమ్మాయి ఎంతో నిజాయితీగా. "షూట్ ఎన్ని రోజులు మేడం? కన్వేయన్స్ విడిగా ఇస్తారా?"

హెచ్ఆర్ మేడం కుర్చీలో కూలబడింది. మేట్రన్ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి, కూర్చోమని కూడా అనకుండా (ఆ మేలు ఎన్నటికీ మరవలేను) అడిగింది: "ఆయనెవరో నీకు తెలీదా?"

"తెలుసు మేడం. మా ఇంట్లో పోస్టర్ ఉంది."

"మరి పేరెందుకు అడిగావు?"

ఆ ప్రశ్నకి బాబాయ్ డైలాగ్ రాయలేదు. "అడగాలి కదా మేడం" అన్నాను.

ఆవిడ నా సర్టిఫికెట్ అడిగి తీసుకుని చూసింది. "ఎప్పుడు చేరతావు?" అంది. ఇక మందుల షాపు లేదు, గల్లాపెట్టె లేదు. అక్కడే నిలబడి భోరుమని ఏడ్చేశాను. బాబాయ్ చూసి ఉంటే కళ్ళలో నిలబడాల్సిన నీళ్ళు జారిపోయాయని తిట్టేవాడు. "ఏడుపు తర్వాత. రేపు ఆ టోపీ లేకుండా రా" అంది మేట్రన్.

ఇంటికొచ్చి చెప్తే పిన్ని నన్ను కావలించుకుని, వెంటనే ఊరికి ఫోన్ చేసి "అక్కా, నువ్వు కోమాలోకి వెళ్ళకుండానే ఉద్యోగం వచ్చేసిందే!" అంది. (మా అమ్మకి ఆ మాట ఇవాళ్టికీ అర్థం కాలేదు.) ఓనరమ్మ "నేను చెప్పలే?" అంది. బాబాయ్ మాత్రం అంతా విని "అయితే డైలాగ్ వాడనే లేదా? మంచి సీనే, వేస్టయిపోయింది" అని రెండు రోజులు దిగులుగా తిరిగాడు. పోనీలెండి, ఆయనకీ మంచి రోజులొచ్చాయి. ఇప్పుడు సీరియల్స్‌లో కోలుకునే పేషెంటు వేషాలు కూడా ఇస్తున్నారు. ఆ ఆర్టిస్టు అమ్మాయిని వదులుకోవడానికి హెచ్ఆర్ మేడంకి మనసొప్పలేదు. గెస్ట్ రిలేషన్స్ అని కొత్త కుర్చీ పుట్టించి కూర్చోబెట్టింది. నేను వార్డులో బెడ్‌పాన్లు మోస్తుండగానే ఆ అమ్మాయి పెద్ద గదిలోకి మారిపోయింది. ప్రకటనలో కూడా ఆ అమ్మాయే నవ్వింది, బాగా నవ్వింది.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలో అవతలివైపు నేనూ కూర్చుంటున్నాను. వచ్చే పిల్లలు రీల్స్ చూసి నేర్చుకున్న జవాబులు చెప్తుంటే, వీళ్ళమ్మల్ని ఎవరు కోమాలో పెట్టారో అని నవ్వు ఆపుకుంటూ ఉంటాను.

మొన్నామధ్య ఆ హీరోగారు మా దగ్గర నిజంగానే పేషెంటుగా చేరారు. బయటికి పొక్కకూడదని ఏదో మారుపేరుతో గది రాశారు. గుమ్మం ముందు మేనేజర్, అదే మేనేజర్, "సార్‌ని ఏమీ అడగొద్దు, అన్నీ నన్నడగండి" అంటూ అడ్డం నిలబడ్డాడు. తప్పుకోమని లోపలికెళ్ళాను. మేకప్ లేదు, జుట్టు మొదళ్ళలో తెలుపు, మొహంలో భయం. ఎవరి మొహంలోనైనా ఆ మంచం మీద ఉండే భయమే. చేతులు శుభ్రం చేసుకుని, మణికట్టు పట్టుకుని, "మీ పూర్తి పేరు చెప్పండి సార్" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. ఈసారి చెవిలో చెప్పలేదు. ఆ తాతగారి పేరు, తేదీ, నెల, సంవత్సరంతో సహా, మేనేజర్‌కి కూడా వినబడేలా చెప్పారు. తర్వాత నా నెత్తి వైపు చూసి, "టోపీ ఏదమ్మా?" అన్నారు.

"కాస్ట్యూమర్‌కి తిరిగిచ్చేశాం సార్."

"అయ్యో. బాగుండేది" అన్నారు, చెయ్యి చాపుతూ. ఈసారి లాక్కోలేదు.

ఇంటికెళ్తుంటే చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆ పిల్ల గుర్తొచ్చింది, ఆటోలో రెండు చేతులా టోపీ పట్టుకుని కూర్చున్న పిల్ల. ఇప్పుడు అలాంటి పిల్ల నా ముందు ఇంటర్వ్యూకొస్తే తీసుకుంటానా? తీసుకుంటాను. టోపీ తీసెయ్యమంటాను... ఉహూఁ, ఆ ఒక్కరోజుకీ ఉంచుకోమనే అంటాను.